బయట నిలబడ్డ ఆరో మనిషి

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు, యానాం ఫరంపేటలో గాలి కూడా అన్నం తిని నడుం వాల్చిన వేళ, రత్నకుమారి టీచరు ఫోను మోగింది.

"టీచరుగారండీ, నేను సుధీర్‌నండి. తాళ్ళరేవు. ఓడలో ఎలక్ట్రీషియన్ని."

"చెప్పు నాయనా. చూశావా అమ్మాయి పేజీ?"

"ఎక్కడ చూత్తానండి? పొద్దున్నించీ అదే వత్తోంది. 'ప్రస్తుతం ఖాళీ లేదు, కాసేపాగి రండి' అని. ఇప్పటికి పదిసార్లు కాసేపాగేనండి."

టీచరు మంచం మీంచి లేచి కూర్చుంది. సుధీర్ విశాఖ హార్బరు దగ్గర, కాగితాల కోసం వరసలో నిలబడి ఉన్నాడు. అతని గొంతు వెనక క్రేన్ల చప్పుడు.

"ఐదున్నరకి ఓడెక్కేయాలండి. ఎక్కేనంటే మళ్ళీ ఎనిమిది నెల్లకే దిగేది. నడిసంద్రంలో సిగ్నలుండదు. నేను ఏ మాటా చెప్పకుండా ఎళ్ళిపోతే మా అమ్మ సోమారం అమలాపురం సంబంధం ఖాయం చేసేత్తానంటోంది. అలాగని ఆ అమ్మాయి ఏం రాసుకుందో చదవకుండా ఔనని ఎలా అంటానండి? కాదని మాత్రం ఎలా అంటాను?"

"చూస్తావు నాయనా. నేను చూసుకుంటాను," అంది టీచరు. ఎలా చూసుకోవాలో అప్పటికి ఆవిడకి తెలియదు.

రత్నకుమారికి యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు లెక్కల పాఠాలు చెప్పింది. భర్త పోయి పదహారేళ్ళు. తూనికరాయిలా బరువైన మనిషి, నడిస్తే చెప్పుల చప్పుడుకి వీధి చివర పిల్లలు సర్దుకుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న ఇంకో పని, పెళ్ళి సంబంధాలు చూడటం. యానాంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న క్రైస్తవ విశ్వాసుల ఇళ్ళలో ఎదిగిన పిల్లల వివరాలు ఆవిడ దగ్గర ఉంటాయి. దీనికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. దేవుడు తనకి ఇచ్చిన పని అంటుంది.

మొదట్లో అదంతా అట్టపెట్టెలో ఉండేది. ఒక్కొక్కరికి ఒక్కో కాగితం, దాని మూలన పిన్నుతో ఫొటో. సంబంధం నచ్చినవాళ్ళు ఆ కాగితాన్ని ఇంటికి తీసుకెళ్ళి, బైబులు కింద పెట్టి, మూడు రోజులు ప్రార్థన చేసేవారు. ప్రార్థనలో పెట్టడం అంటారు దాన్ని. ఆ మూడు రోజులూ కాగితం పెట్టెలో ఉండదు కనక ఇంకెవరికీ చూపించడం కుదరదు. అదొక మర్యాద. నాలుగోరోజు ఔననో కాదనో చెప్పి కాగితం తిరిగి ఇచ్చేవారు. పెట్టెలో ఒక కాగితం లేకపోతే మిగతా రెండు వందలూ ఉండేవి. ఎవరి పనీ ఆగేది కాదు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఎవరో ఒకాయన స్వప్న కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో బంధువులకి పంపాడు. అక్కణ్ణుంచి అది ఎవరెవరి చేతుల్లోకో పోయింది. స్వప్న యానాం ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు మందులిస్తూ ఉండగా, పక్కమంచం రోగి తమ్ముడి ఫోనులో తన మొహం చూసుకుంది, కింద ఎవరో రాసిన వెకిలి మాటతో సహా. రెండు నెలలు గుడికి, అదే చర్చికి, రాలేదు. వచ్చిన రోజున తిన్నగా టీచరింటికి వచ్చి, "నా కాగితం చింపేయండి," అంది.

టీచరు చింపేసింది. ఆ ముక్కలు చేతిలో పట్టుకునే, ఇక ఏ పిల్ల ఫొటో వాట్సాప్‌లో పంపనని మాటిచ్చింది.

ఈ వేసవిలోనే ఆవిడ స్కూల్లో నేర్చుకున్న పాత డేటాబేస్ సాఫ్ట్‌వేరును దుమ్ము దులిపి ఇంటి కంప్యూటర్లో పెట్టుకుంది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. 'నా గురించి' అనే గడిలో పిల్లలు తమ మాటల్లో తామే రాసుకోవాలి. దాన్ని వెబ్‌లో పంచుకునే ఏర్పాటు కూడా ఆ సాఫ్ట్‌వేరులోనే ఉంది. తన కంప్యూటరు వెలుగుతున్నంతసేపూ, టీచరిచ్చిన పాస్‌వర్డుతో ఎవరింట్లో వాళ్ళు ఫోనులో చూసుకోవచ్చు. చూస్తున్నవాళ్ళ పేరు ఫొటోకి అడ్డంగా పడుతుంది. దాన్ని ఇంకొకరికి పంపాలంటే తన పేరుతో సహా పంపాలి. ఆ ఒక్క ఏర్పాటు చూసి, కాగితం చింపించుకున్న నాలుగేళ్ళ తర్వాత, స్వప్న మళ్ళీ తన వివరాలు ఇచ్చింది.

గుడిలో ప్రకటనల వేళ టీచరు లేచి, "ఎక్కణ్ణుంచైనా చూడొచ్చు, ఎంతమందైనా చూడొచ్చు," అంది. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో ఒక చిన్న అంకె మునిగిపోయింది. సెట్టింగుల్లో ఒక మూలన 'ఒకేసారి ఐదుగురు' అని ఉంది. దాన్ని ఆరు చేద్దామని నొక్కితే నొక్కుడు పడదు. అంతకుమించి కావాలంటే సర్వరని వేరే పెద్ద ఏర్పాటు ఉండాలట. ఒకే సమయాన ఆరుగురు పెళ్ళి గురించి ఆలోచిస్తారా ఈ ఊళ్ళో అనుకుంది లెక్కల టీచరు. ఆ అంకె గురించి ఎవరికీ చెప్పలేదు. సిగ్గనిపించింది.

మొదటి వారమే ఇంకో తంటా. పావుగంట కదలకుండా ఉంటే సాఫ్ట్‌వేరు మనిషిని బయటికి పంపేసేది. "ప్రార్థన మధ్యలో గెంటేసిందండీ," అని పెద్దవాళ్ళు వచ్చి మొరపెట్టుకున్నారు. టీచరు ఆ గడియారాన్నే ఆపేసింది. ఇకమీదట ఎవరినీ బయటికి పంపదని గుడిలో మళ్ళీ మాటిచ్చింది.

ఇప్పుడు ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని చూస్తే, లోపల ఐదు పేర్లు ఉన్నాయి. కాకినాడ అక్కచెల్లెళ్ళు ఇద్దరు, నిన్నటి నుంచి. కనకాలపేట సుదీప్ వాళ్ళమ్మ, గురువారం నుంచి. అడవిపొలం ప్రభుదాసు, ఈరోజు పన్నెండు నుంచి. ఐదో పేరు దగ్గర టీచరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

దీవెనమ్మ. స్వప్న వాళ్ళమ్మ. గురువారం సాయంత్రం నుంచి సుధీర్ పేజీ తెరుచుకుని ఉంది.

ఒక్కొక్కరినీ తీసే వీలు ఆ సాఫ్ట్‌వేరులో లేదు. తీస్తే అందరినీ తీయాలి. టీచరు ముందు ఫోన్లు మొదలుపెట్టింది. కాకినాడ అక్కచెల్లెళ్ళ ఫోన్లు మోగి మోగి ఆగిపోయాయి. ఇద్దరూ సువార్త సభలకి వెళ్ళారని మూడో మనిషి ద్వారా తెలిసింది. సభలు సాయంత్రం ఏడింటిదాకా. కనకాలపేటలో సుదీప్ వాళ్ళ నాన్న ఎత్తాడు.

"చూడ్డం అయిపోయిందాండీ మీ అబ్బాయికి చూస్తున్న అమ్మాయి పేజీ?"

"ఎప్పుడో అయిపోయిందండి. ప్రార్థనలో పెట్టేం."

"ఫోనెక్కడుంది?"

"మా ఆవిడ ఫోనాండి? బైబులు కిందుందండి. చార్జింగు అయిపోద్దేమోనని వైరు కూడా పెట్టే ఉంచేం."

టీచరు నుదురు రుద్దుకుంది. "పేజీ మూసేయండి బాబూ. కింద 'బయటికి' అని ఉంటుంది, అది నొక్కండి. వేరేవాళ్ళు చూడాలి."

ఆయన గొంతు తగ్గించి, "మూడోరోజు ఇంకా పూర్తవలేదండి. మధ్యలో తీసేత్తే ఆ అమ్మాయిని వద్దన్నట్టు అవదాండీ? మీరే కదండీ చెప్పేరు, ఎంతమందైనా చూడొచ్చని. మా ఒక్క ఫోను ఎవరికి అడ్డండి?"

టీచరు ఆ ఐదు సంగతి చెప్పకుండానే ఫోను పెట్టేసింది.

ప్రభుదాసు మాత్రం ఒక్క రింగుకే ఎత్తాడు. అడవిపొలంలో పదెకరాల కౌలు రైతు. రెండో కొడుకు వివరాలు ఎక్కిస్తున్నాడు.

"రండి రండి, మిమ్మల్నే తల్చుకుంటున్నాను. ఫ్రాన్సు వాళ్ళ టైములో మా తాతగారు బ్యాండులో డోలు కొట్టేవోరండి. అది కుటుంబ వివరాల్లో రాయాలా, ఉద్యోగాల్లో రాయాలా?"

"ప్రభుదాసుగారూ, ఎంతవరకు వచ్చింది?"

"తాతగారి దాకా వచ్చిందండి."

"అబ్బాయి?"

"వాడింకా పుట్టలేదండి. ఒంటి వేలుతో కదండీ కొట్టేది, వరసగా రావాలి కదా."

"సేవ్ అని ఉంటుంది చూడండి కింద. నొక్కేసి, ఒక్క అరగంట బయటికి వచ్చి మళ్ళీ..."

"అమ్మమ్మమ్మ! సగంలో నొక్కితే సగం కొడుకే ఎక్కుతాడు. మీరు కంగారు పెట్టకండి, నాకు అక్షరాలు కనబడవు," అని ఫోను పెట్టేశాడు.

మూడున్నర. సుధీర్ నుంచి మెసేజి వచ్చింది: 'ఇంకా ఖాళీ లేదంటోందండి'. దాని కింద ఇంకొకటి: 'మెడికల్ అయిపోయింది'.

దీవెనమ్మ ఫోను ఎత్తలేదు. బైబులు కింద ఉన్న ఫోను ఎవరెత్తుతారు? టీచరు గొడుగు తీసుకుని బయల్దేరింది. గోదావరి వైపు నుంచి వచ్చే గాలికి ఉప్పు ఉంటుంది, ఎండకి బరువు ఉంటుంది. ఆ రెంటి మధ్యా నలిగి నడుస్తూ, ఐదు అనే అంకెని మనసులో తిట్టుకుంది. జీవితమంతా పిల్లలకి నేర్పిన అంకె. ఒక చేతి వేళ్ళు. అరటిపండు ఒలిచినంత తేలికైన అంకె. ఈరోజు అది ఇనప గేటులా అడ్డం నిలబడింది.

దీవెనమ్మ గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. టీచర్ని చూడగానే చేతులు చీరకి తుడుచుకుని లేచింది.

"దేవుడు నడిపించేడమ్మా మిమ్మల్ని! ఇప్పుడే అనుకుంటున్నాను. మంచి సంబంధమమ్మా. అబ్బాయి మొహంలో శాంతముంది. మూడు రోజుల్నించీ ఉపవాసముండి ప్రార్థిత్తున్నాను."

"ఆ అబ్బాయి నీ కూతురి పేజీ చూడటానికి పొద్దున్నించీ గింజుకుంటున్నాడు దీవెనమ్మా. నువ్వే అడ్డు."

"నేనా?"

టీచరు చెప్పింది. ఒకేసారి ఐదుగురికే చోటని, ఆ ఐదింట్లో ఒకటి ఈ ఇంట్లో బైబులు కింద ఉందని. ఇన్నాళ్ళూ దాచిన అంకె నోట్లోంచి రావడానికి ఇంత వీధి నడవాల్సి వచ్చింది.

దీవెనమ్మ చెయ్యి ఎత్తి ఐదు వేళ్ళూ చూపించింది. "ఐదుగురేనామ్మా? షేరాటోలో ఎనిమిదిమందిని ఎక్కిత్తారు కదమ్మా!"

"ఎక్కిస్తారు. ఇది ఆటో కాదు."

"మరి గుడిలో ఎంతమందైనా అన్నారు?"

"అన్నాను. తప్పు నాదే. పేజీ మూసెయ్."

దీవెనమ్మ లోపలికెళ్ళి ఫోను తెచ్చింది. తెర వెలిగించింది. సుధీర్ ఫొటో, దానికి అడ్డంగా దీవెనమ్మ పేరు. 'బయటికి' అన్న మీట మీద వేలు పెట్టింది, తీసింది. రొయ్యల వాసన వేస్తున్న ఆ వేలిని మళ్ళీ చీరకి తుడుచుకుంది.

"నొక్కితే పోతాడామ్మా?"

"పోడు. పేజీ నా దగ్గరే ఉంటుంది. నువ్వు గదిలోంచి బయటికొస్తావు, అంతే."

"చెయ్యి రావట్లేదమ్మా. ఎనిమిదేళ్ళకి ఒక మంచి మొహం కనబడింది."

టీచరు గొడుగు కింద పెట్టింది. తనే చెయ్యి పట్టుకుని నొక్కించింది. వెంటనే సుధీర్‌కి ఫోను చేసింది.

"ఇప్పుడు నాయనా. ఇప్పుడే లోపలికి రా."

"వరసలో ఉన్నానండి, ఒక్క సంతకం... ఆ, తీత్తున్నానండి... తిరుగుతోంది... తిరుగుతోంది..." క్రేను కూత. "మళ్ళీ అదేనండి టీచరుగారూ. ఖాళీ లేదంట."

సంతకం పెట్టినంత సేపట్లో ఎవరో దూరారు. బయట నిలబడింది సుధీర్ ఒక్కడే కాదన్నమాట. వీధుల్లో, మిద్దెల మీద, బస్సుల్లో, ఎంతమంది పదేపదే ఆ తలుపు తడుతున్నారో టీచరుకి తెలియదు. తట్టిన చప్పుడు వినపడని తలుపు అది. లోపలున్నవాళ్ళ పేర్లే ఆవిడకి కనబడతాయి.

ఇంటికి చేరేసరికి నాలుగూ యాభై. కుర్చీలో కూలబడింది. తెర మీద దీవెనమ్మ స్థానంలో కొత్త పేరు, తాళ్ళరేవులో ఎవరో రిటైరైన పోస్టుమాస్టరు. ప్రభుదాసు అలాగే ఉన్నాడు. కాకినాడ అక్కచెల్లెళ్ళు అలాగే ఉన్నారు.

'అందరినీ తొలగించు' అనే మీట తెర అడుగున ఎర్రగా ఉంది. దాన్ని ఇంతవరకు ముట్టుకోలేదు. ముట్టుకుంటే గుడిలో ఇచ్చిన మాట పోతుంది. ఎవరి ప్రార్థనో తెగుతుంది. ప్రభుదాసు తాతగారు పోతారు. ముట్టుకోకపోతే ఒక మనిషి ఓడెక్కి వెళ్ళిపోతాడు, అమలాపురంలో తాంబూలాలు పుచ్చుకుంటారు, స్వప్న మళ్ళీ తన కాగితం చింపమంటుంది. ఈసారి చింపడానికి కాగితం కూడా ఉండదు.

ఫొటో వాట్సాప్‌లో పంపేస్తే? అరనిమిషం పని. ఆ ఆలోచన వచ్చి గుమ్మంలో నిలబడింది. టీచరు దాన్ని లోపలికి రానివ్వలేదు. పోనీ 'నా గురించి' తనే ఫోనులో చదివి వినిపిద్దామన్నా, అది చూసేవాళ్ళే చదువుకోవాలి తప్ప తను నోటితో చెప్పనని కూడా పిల్లలకి మాటిచ్చి ఉంది.

ఐదూ ఎనిమిదికి సుధీర్‌కి చెప్పింది: "ఫోను చేతిలో పట్టుకో. వరసలోంచి బయటికొచ్చేయ్. నేను మూడు లెక్కపెడతాను. మూడనగానే నొక్కు, నొక్కుతూనే ఉండు."

"వరస పోద్దండి."

"పోనీ!"

ఆ కేకకి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. ఒకటి. రెండు. ఎర్ర మీట. 'ఐదుగురినీ తొలగించాలా?' అని సాఫ్ట్‌వేరు అడిగింది. ఔను. మూడు.

తెర ఖాళీ అయింది. బడి వదిలేసిన తర్వాత తరగతి గదిలా, ఒక్క క్షణం అంతా తెల్లగా ఉంది. తర్వాత పేర్లు పడటం మొదలైంది. మొదట పోస్టుమాస్టరు. ఆయన వేలు చురుకైనది. తర్వాత అంబాజీపేట నుంచి ఎవరో. తర్వాత ప్రభుదాసు. మూడు నిండాయి. టీచరు కుర్చీ అంచుకి వచ్చింది. నాలుగు: రాజమండ్రి. తెర కదలదు. ఫ్యాను తిరుగుతోంది. సుధీర్, సుధీర్, నొక్కు నాయనా.

ఐదో పేరు పడింది. తాళ్ళరేవు సుధీర్.

అప్పుడే ల్యాండులైను మోగింది.

"టీచరుగారూ! ఐదు గంటలండి! ఒంటి వేలుతో! మా తాతగారు, డోలు, పెళ్ళికి పెట్టిన పందిరి, అంతా పోయిందండి. ఏమిటీ దౌర్జన్యం? ఎవర్నీ గెంటదన్నారు!" ప్రభుదాసు గొంతు పగిలిపోతోంది.

"నేనే గెంటానండి."

"మీరా?"

"నేనే. రేపు గుడి అయ్యాక మీ ఇంటికొచ్చి నేనే టైపు చేస్తాను. తాతగారితో సహా. ఇప్పుడు మాత్రం నన్ను తిట్టకండి, ఓపిక లేదు."

ఆయన తిట్టాడు. టీచరు రిసీవరు బల్ల మీద పక్కకి పెట్టి తెరవైపే చూసింది. అందులోంచి ప్రభుదాసు కోపం చీమల బారులా సన్నగా వినబడుతూనే ఉంది.

ఐదూ ఇరవై ఆరుకి సుధీర్ ఫోను. పరిగెడుతున్నాడు. ఊపిరి ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"చదివేనండి. ఫొటో రాలేదు, తిరుగుతూనే ఉంది. పర్లేదండి. 'నా గురించి' మొత్తం చదివేను. ఆఖర్న రాసింది కదండీ, 'నా ఫొటో మీకు ఇంతకుముందు ఎక్కడైనా కనబడి ఉంటే అది నేను పంపింది కాదు' అని." బూట్ల చప్పుడు ఇనప మెట్ల మీదికి మారింది. "ఆ మాట రాయడానికి ఎంత ఇదవ్వాలండి."

"మరి ఏం చెప్పమంటావు నాయనా?"

"మా అమ్మకి చెప్పేశానండి, అమలాపురం ఆపమని. నేను ఈవిడకి ఔనంటే సరిపోదు కదండీ. ఒక్కటి అడగాలి. ఆవిడ నాది చదివిందాండి?"

"లేదు నాయనా," అంది టీచరు. గురువారం నుంచి సుధీర్ పేజీ దీవెనమ్మ ఫోనులో ఉంది. బైబులు కింద. స్వప్నకి ఆ పాస్‌వర్డు ఎవరూ ఇవ్వలేదు. స్వప్నని ఎవరూ అడగలేదు. తానూ అడగలేదు.

"చదివాక చెప్పమనండి. ఎప్పుడైనా సరే. ఉంటానండి, పిలుత్తున్నారు..."

ఆరున్నరకి స్వప్న వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చింది, చేతుల్లో ఇంకా ఆసుపత్రి సబ్బు వాసన. ముప్ఫై మూడేళ్ళ మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మ ఫోన్ చేసిందండి. ఏడుత్తోంది. నేనేదో సంబంధం చెడగొట్టినట్టు. ఏం జరిగిందో మీరైనా చెప్పండి. ఎవరండీ ఈ సుధీర్?"

"నీకు చెప్పలేదా?"

"దేవుడికి చెప్పిందట మూడు రోజుల్నించి. నాకు చెప్పడానికి తీరికెక్కడిది?"

టీచరు లేచి తన కుర్చీ ఖాళీ చేసింది. ఈ కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి ఆ ఐదు లెక్క వర్తించదు. "కూర్చో. ఇది చదువు. ఎంతసేపైనా చదువు."

స్వప్న కూర్చుంది. తెర వెలుగు ఆమె మొహం మీద పడింది. బయట గోదావరి మీదుగా వచ్చిన సాయంకాలం కిటికీ చువ్వల మధ్య నీలంగా చేరుతోంది. టీచరు వంటింట్లోకి పోయి టీ పెట్టింది, అది పొంగిపోయింది, మళ్ళీ పెట్టింది. లోపల్నుంచి ఉన్నట్టుండి నవ్వు వినబడింది.

"ఏమైంది?"

"'ఓడలో పని. ఈత రాదు' అని రాసేడండి."

టీచరుకి రోజంతటిలో మొదటిసారి నవ్వు వచ్చింది. టీ గ్లాసు తెచ్చి స్వప్న పక్కన పెట్టి, సుధీర్ అడిగినది అడిగినట్టు చెప్పింది.

స్వప్న గ్లాసు అంచున వేలు తిప్పింది.

"ఔనని పెట్టమంటావా అమ్మా?"

"వద్దండి. ఔనని పెట్టకండి. మూడు రోజులు అందరూ నా బదులు ఔననుకున్నారు కదా, చాలు." తెరవైపు తిరిగింది. "చదివిందని పెట్టండి. ఫోను అందినప్పుడు చేయమనండి. నేనే మాట్లాడతాను."

టీచరు కళ్ళద్దాలు సరిచేసుకుని అలాగే టైపు చేసింది. 'స్వప్న చదివింది. ఫోను అందినప్పుడు చెయ్యి. తనే మాట్లాడుతుంది.' పంపింది. మెసేజి పక్కన ఒక్క టిక్కు పడింది. అతనికి అందిందని చెప్పే రెండోది పడలేదు. ఏడయింది, ఏడుంపావయింది, పడలేదు.

స్వప్న పేజీని పైకి జరిపి, మొదటి వాక్యం నుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.